పాత కచేరీ భవనాలు - పర్యావరణం - మన వంతు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ఎందుకు జరుపుకుంటున్నామో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో, పెన్షను యజమాని దయతో ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. నా తరువాత వచ్చే వక్తలు వాటి సంగతి చెబుతారు. కార్యదర్శి గారు మాత్రం నన్ను పిలిచి, "ఈసారి పర్యావరణం మీద నాలుగు మాటలు చెప్పండి, ప్రత్యేక సంచికలో వేద్దాం" అన్నారు.

నేను శాస్త్రవేత్తను కాను. 1972లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. నాకు తెలిసిన పర్యావరణం నేను కూర్చున్న కుర్చీ చుట్టూ ఉన్న నాలుగు గోడలు, పైన మిద్దె, ఆవరణలో బావి. అంటే మన పాత కచేరీ. ఆ భవనం ఇక పనికిరాదు, పడగొట్టి కొత్తది కడతారు, ఆ కొత్తది పర్యావరణానికి మేలు చేసే 'గ్రీన్ బిల్డింగ్' అవుతుంది అని కొన్ని నెలలుగా ఊళ్ళో వినబడుతోంది. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను. పాత ప్రభుత్వ భవనాలను పర్యావరణానికి అనుకూలంగా మార్చుకోవడం ఎలా అన్నది నా విషయం. అందులో నా స్వంత తప్పు ఒకటి ఉంది. అది కూడా ఈ రోజు మీ ముందు చెప్పుకుంటాను.

మొదట ఆ భవనం ఎలా పనిచేసేదో గుర్తు చేసుకుందాం. మనలో చాలామందికి ఇది కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. గోడలు రెండడుగుల మందం. లోకప్పు ఎంత ఎత్తంటే, ఫ్యాను కడ్డీయే ఒక మనిషి పొడవుండేది. గదికి ఎదురెదురుగా తలుపులు, వాటికి ఎదురుగా కిటికీలు, పైన చూరు కింద తాడు లాగితే తెరుచుకునే వెంటిలేటర్లు. నాలుగు వైపులా వరండా. వరండా మన అర్జీదారులు నిలబడడానికే అనుకునేవాళ్ళం. అసలు సంగతేమిటంటే, ఎండ నేరుగా గోడ మీద పడకుండా కాపాడే గొడుగు అది.

మందపు గోడ పగలంతా ఎండ వేడిని మెల్లగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి చాలా గంటలు పడుతుంది. అప్పటికి ఆఫీసు మూసేస్తాం. రాత్రి వెంటిలేటర్లు తెరిచి ఉంచితే లోపలి వేడిగాలి పైనుంచి పోయి, చల్లగాలి కిందనుంచి వస్తుంది. తెల్లవారేసరికి గోడ మళ్ళీ చల్లబడుతుంది. నేను చేరిన కొత్తలో మా రాత్రి కాపలాదారు సాయంత్రం ఆరింటికి ఒక్కొక్క తాడే లాగుతూ వెంటిలేటర్లు తెరవడం చూశాను. అది అతని డ్యూటీ చార్టులో ఉండేది. వేసవిలో కలెక్టరు గారి గది కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. దానికి వేసవి ఖర్చుల కింద ఏటా ఒక పద్దు ఉండేది. పాత పంకాల కొక్కేలు దూలాలకు ఇంకా అలాగే ఉండేవి.

ఇక పైకప్పు. ఇంజనీర్లు దాన్ని మద్రాసు టెర్రస్ అంటారు, మనం మిద్దె అన్నాం. 1953 అక్టోబరు 1 దాకా మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోవే గనుక మన కచేరీలన్నీ దాదాపు ఆ పద్ధతిలోనే కట్టారు. టేకు దూలాల మీద పల్చని చిన్న ఇటుకలను సున్నంతో నిలువుగా, ఏటవాలు వరసల్లో పేర్చేవారు. దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పోసి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు బారులుగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆపైన బిళ్ళలు పరిచి, వాన నీరు తూముల వైపు జారేలా వాటం పెట్టేవారు. ఆ తూముల నీరు ఆవరణలోని బావి వైపు పోయే కాలువలో పడేది. కరెంటు లేని రోజుల్లో కట్టిన ఇల్లు కాబట్టి గాలి, వెలుతురు, నీరు, చల్లదనం అన్నీ కట్టడంలోనే అమర్చారు. ఇప్పుడు గ్రీన్ బిల్డింగు అని దేన్ని అంటున్నారో, అందులో సగం లక్షణాలు దీనికి పుట్టుకతోనే ఉన్నాయి. ఆ లక్షణాలను మనమే ఒక్కొక్కటిగా పాడు చేశాం. ఆ పాడు చేసిన చేతుల్లో నా చేయి కూడా ఉంది.

1994 వర్షాకాలం. రికార్డు గది మూల నుంచి నీరు కారడం మొదలయింది. మేడ ఎక్కి చూస్తే తూముల నిండా ఎండుటాకులు, పావురాల గూళ్ళు. పిట్టగోడ పగులులో జానెడు రావి మొక్క. నీరు పోయే దారి లేక మిద్దె మీదే నిలబడింది. రెండు ఎస్టిమేట్లు తయారయ్యాయి. మొదటిది, తూములు బాగుచేసి, రావి మొక్కను వేళ్ళతో సహా తీసి, మిద్దె పైపొరను సున్నంతో తిరిగి వేయడం. రెండవది, మిద్దె మీద సిమెంటు కాంక్రీటు పొర, గోడలకు సిమెంటు గిలాబా, లోపల ఫాల్స్ సీలింగు. పక్క గదిలోకి కంప్యూటర్లు వస్తున్నాయి, వాటికి ఏ.సి. కావాలి కాబట్టి రెండు గదుల వెంటిలేటర్లూ మూసివేత.

ఫైలు నా సీటుకు వచ్చింది. మొదటి ఎస్టిమేటు ఖర్చు తక్కువే. కానీ సున్నం పనికి మాకు అందుబాటులో ఉన్న రేట్ల షెడ్యూలులో సరిపడే ఐటం కనబడలేదు. ప్రత్యేక మంజూరు తెప్పించాలి. అప్పటికి ఫిబ్రవరి వచ్చేసింది. మార్చి 31 దాటితే బడ్జెట్టు మురిగిపోతుంది. ఆ బాధ మీ అందరికీ తెలిసినదే.

ఆ రోజుల్లో చిన్న చిన్న మరమ్మతులకు వచ్చే ముసలి మేస్త్రీ ఒకతను నా బల్ల దగ్గరకు వచ్చి, "గుమాస్తా బాబూ, ఇది సున్నం గోడండి. దీని మీద సిమెంటు ఏస్తే లోపలి తేమ బయటకి రాదండి. నాలుగేళ్ళలో గోడ కుళ్ళిపోద్దండి" అన్నాడు. నేను నవ్వి, "నువ్వు చెప్పింది ఫైల్లో రాస్తే ఒప్పుకుంటారా మేస్త్రీ?" అన్నాను. తరువాత నోటు రాశాను. ఆ వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. 'రెండవ అంచనా సత్వరము అమలుపరచుటకు అనువైనదిగా ఉన్నది. ఆమోదమునకై సమర్పించడమైనది.' ఆమోదం వచ్చింది. మార్చి 31 లోపల బిల్లు పాసయింది. బాగా పనిచేశానని పై అధికారి నన్ను మెచ్చుకున్నారు కూడా.

మేస్త్రీ చెప్పినట్టే నాలుగేళ్ళు పట్టింది. గోడల మీద తెల్లగా ఉప్పు తేలింది. పెచ్చులూడాయి. ఫాల్స్ సీలింగు వెనక దూలం చెమ్మకు నానుతున్నా ఎవరికీ కనబడలేదు. గాలి ఆడని గదిలో, చెమ్మ గోడకు ఆనించిన ర్యాకుల్లోకి చెదలు వచ్చాయి. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను బీరువాల్లో చోటు చాలక నాలుగవ తరగతి ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు ఆ ర్యాకుల మీదే పెట్టి ఉన్నాయి. మేము చూసేసరికి కొన్నిటికి అట్టలు మిగిలాయి, లోపల మట్టి.

మరుసటి ఏడు మా అటెండరు ఒకతను సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోయాడు. అతని రిజిస్టరు ఆ పోయినవాటిలో ఉంది. సర్వీసు రిజిస్టరు లేకపోతే కుటుంబ పెన్షను ప్రతిపాదన కదలదని ఈ సభలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. పాత పే బిల్లులు, అక్విటెన్సు రోల్సు, ట్రెజరీ లెక్కలు వెతికి, సంవత్సరం సంవత్సరం అతుకులు వేసి, డూప్లికేటు రిజిస్టరు తయారు చేయడానికి 14 నెలలు పట్టింది. ఆ 14 నెలలూ అతని భార్య వారం వారం వచ్చి వరండాలో కూర్చునేది. ఒకరోజు నాతో, "ఆ గది రోజూ తుడిచింది మా ఆయనే గదా బాబూ. ఆ గదిలో ఆయన కాయితమే లేదంటారేంటి?" అంది. నేను, "వచ్చేస్తుందమ్మా, పై వారం రా" అన్నాను. ఆ గదికి అలాంటి గతి పట్టించిన నోటు రాసింది నేనేనని ఆమెకు చెప్పలేదు. ఆమె ఇప్పుడు లేదు. ఈ వేదిక మీద తొలిసారి చెబుతున్నాను.

మేస్త్రీ మాటకు శాస్త్రం ఏమిటో రిటైరైన తరువాత చదువుకున్నాను. సున్నం గోడకు సన్నని రంధ్రాలుంటాయి. వానకు, నేల నుంచి పీల్చిన తేమను అది మళ్ళీ గాలిలోకి వదిలేస్తుంది. దాని మీద గట్టి సిమెంటు గిలాబా వేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. ప్లాస్టిక్ పెయింటు వేసినా అంతే. నీటితో పాటు ఉప్పు చేరి ఇటుకను లోపలినుంచి పొడి చేస్తుంది. పాత గోడకు వెల్ల వేయడం పేదరికం వల్ల కాదు, అది ఆ గోడకు సరిపడే మందు కాబట్టి.

సున్నానికి ఇంకొక గుణం ఉంది. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. సిమెంటుకు 1450 డిగ్రీల దాకా కావాలి. కాల్చేటప్పుడు రెంటిలోనూ బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడు, బయటకు పోతుంది. గోడకు వేసిన సున్నం గట్టిపడేటప్పుడు రాయిలోంచి పోయినదాన్ని చాలావరకు గాలిలోంచి తిరిగి తీసుకుంటుంది. ఒక టన్ను సిమెంటు తయారు కావడానికి సుమారు ఆరేడు వందల కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. అంటే మనం కొనే 50 కిలోల బస్తా ఒక్కొక్కటికి 30 కిలోల పైమాటే. ఇనుము, ఇటుక, లారీల డీజిలు వేరే. పాత భవనం పడగొడితే ఆ ఇటుకలు కాల్చడానికి ఎప్పుడో వాడిన కట్టెలు, బొగ్గు వృథా అవుతాయి. కొత్తది కట్టడానికి మళ్ళీ అంతా ఖర్చవుతుంది. కొత్త భవనం ఎంత పొదుపుగా కరెంటు వాడినా, ఆ మొదటి అప్పు తీరడానికే ఏళ్ళు పడుతుంది. ఇంటి ఖర్చు లెక్క తెలిసిన మన ఆడవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గట్టి ఇత్తడి బిందెకు మాటు వేయిస్తారు గాని, పారేసి కొత్తది కొనరు కదా.

అయితే ఇప్పటి కాలంలో సున్నంతో మరమ్మతు సాధ్యమేనా అని అడగవచ్చు. సాధ్యమేనని మద్రాసులో చూశాను. మా అబ్బాయి ఉద్యోగ రీత్యా అక్కడ ఉన్నప్పుడు చేపాక్ ప్యాలెస్ ఆవరణకు వెళ్ళాను. 1768లో ఆర్కాటు నవాబు కోసం కట్టినది, 1859లో ప్రభుత్వం చేతికి వచ్చింది. రాజధాని మద్రాసుగా ఉన్న రోజుల్లో మన జిల్లాల కాగితాలు కూడా ఆ ఆవరణలోని ఆఫీసులకు పోయేవి. అందులోని కలస్ మహల్ 2012 జనవరిలో అగ్నిప్రమాదానికి గురయింది. మంటలార్పడానికి వెళ్ళిన అగ్నిమాపక అధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. కప్పు కూలిన ఆ భవనాన్ని చూసి ఇక కూల్చక తప్పదని అనుకున్నవారున్నారు. కానీ అక్కడి ప్రజా పనుల శాఖ సున్నం గిలాబాతో, మద్రాసు టెర్రస్‌తో దాన్ని తిరిగి నిలబెట్టింది. ఇప్పుడు అందులో ఏ ఆఫీసు ఉందో తెలుసా? జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం. పర్యావరణ వివాదాలు విచారించే న్యాయస్థానం రెండున్నర శతాబ్దాల నాటి సున్నం గోడల మధ్య కూర్చుని తీర్పులు చెబుతోంది.

డిప్యుటేషను మీద కొన్నేళ్ళు హైదరాబాదులో పనిచేశాను. అక్కడ రెండు రకాల అనుభవాలూ ఉన్నాయి. 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ పాత సచివాలయంలో జి బ్లాకుగా ఉండేది. మనలో ఎంతమందిమి ఆ మెట్లెక్కి ఉంటామో. 2020లో సచివాలయంతో పాటు అదీ నేలమట్టమయింది. ఎర్రమ్ మంజిల్ సంగతి వేరు. అక్కడ కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేయడంతో ఆ భవనం నిలిచింది. మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టు భవనాన్నే తీసుకోండి. 1920లో ప్రారంభమైనది, నూరేళ్ళు దాటినా అందులోనే కోర్టు నడుస్తూ వచ్చింది. 1916 నాటి కాచిగూడ స్టేషను రోజూ వేలమంది ప్రయాణికులను మోస్తూనే గ్రీన్ రేటింగు తెచ్చుకుంది. కాబట్టి పాతదైతే పనికిరాదు, పచ్చదనం కావాలంటే కొత్తదే కట్టాలి అనే మాట నిలవదు.

అలాగని పాతదంతా బంగారమని నేను చెప్పబోవడం లేదు. పాత భవనానికి పెద్ద ప్రమాదం నిప్పు. కలస్ మహల్ సంగతి చెప్పాను. హైదరాబాదు హైకోర్టులో కూడా 2009 ఆగస్టు 31న మంటలు లేచి గ్రంథాలయంలోని పుస్తకాలు కాలిపోయాయి. మన కచేరీలో వైర్ల మీద వైర్లు వేసి, ఒక్కో స్విచ్చి బోర్డుకు నాలుగు కనెక్షన్లు లాగిన సంగతి మనకు తెలియనిది కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనబోటి వారికి మెట్లెక్కడం కష్టం. చక్రాల కుర్చీ పోయే వాలు దారి లేదు. ఆడవాళ్ళకు సరైన మరుగుదొడ్డి ఆ రోజుల్లోనూ లేదు. దూలాలు పుచ్చిపోయి ఉంటే మార్చవలసిందే. ఏ భాగమైనా నిజంగా ప్రమాదకరమని సున్నం కట్టడాలు తెలిసిన ఇంజనీర్లు పరీక్షించి తేలిస్తే, ఆ భాగం దించివేయవలసిందే. నేను అడిగేదల్లా ఆ పరీక్ష జరగాలని, మరమ్మతు ఎస్టిమేటు కూడా ఫైల్లో ఉండాలని.

ఇప్పుడు ఏం చేయవచ్చో గుమాస్తా లెక్కలో చెబుతాను.

మొదటిది నీరు. ఏటా వానలకు ముందు తూములు శుభ్రం చేయడం, పిట్టగోడల మీద రావి, మర్రి మొక్కలు వేళ్ళతో తీసేయడం. దీనికి టెండరు కూడా అక్కరలేదు. ఆ తరువాత ఆ నీటిని బావికి మళ్ళించడం. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. మన వైపు ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన. కప్పు 600 చదరపు మీటర్లనుకుంటే 6 లక్షల లీటర్లు. ఐదోవంతు ఆవిరికి, తడికి పోయినా 4,80,000 లీటర్లు మిగులుతాయి. ఆ బావినేమో చెత్త వేసి పూడ్చాం, ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం. హైదరాబాదు బొల్లారంలో రాష్ట్రపతి నిలయం 1860 నాటిది. అక్కడి పాత మెట్ల బావులను బాగుచేయించి 2023 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. రాష్ట్రపతి గారి ఆవరణలో జరిగినది మన కచేరీ ఆవరణలో ఎందుకు జరగకూడదు?

రెండవది గాలి. మూసేసిన వెంటిలేటర్లు తెరవడం, పావురాలు రాకుండా జాలీ వేయడం, ఫాల్స్ సీలింగులు విప్పేయడం. రాత్రి వెంటిలేటర్లు తెరవడం మళ్ళీ కాపలాదారు డ్యూటీ చార్టులో రాయడం. ఇది మంజూరు అక్కరలేని ఉత్తర్వు, ఒక్క మెమో చాలు. ఏ.సి. తప్పనిసరైన గదికి దాన్ని 24 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏ.సి.లు 24 డిగ్రీల అమరికతోనే వస్తున్నాయి.

మూడవది కప్పు, గోడలు. సిమెంటు గిలాబా జాగ్రత్తగా తీసి సున్నంతో పూయడం. సిమెంటుతో ఇప్పటికే కట్టిన పక్క బ్లాకుల మీద తెల్లపూత వేయడం. ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో ప్రత్యేక విధానమే తెచ్చింది, ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. వేసవి రాకముందు డాబా మీద సున్నం కొట్టించుకునే మన ఇళ్ళ అలవాటుకే అది ప్రభుత్వ ముద్ర.

నాలుగవది కరెంటు. అన్నిటికన్నా ముందు పాత వైరింగు మొత్తం మార్చాలి, ఎందుకంటే ఇది ప్రాణాలకు, రికార్డులకు సంబంధించినది. ఆ పని చేసేటప్పుడే దీపాలు, ఫ్యాన్లు మార్చాలి. పాత ట్యూబులైటు చోకుతో కలిపి సుమారు 50 వాట్లు తింటుంది, ఎల్.ఇ.డి. 20 వాట్లు. 200 దీపాలు మారిస్తే, రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజుల లెక్కన 14,400 యూనిట్లు మిగులుతాయి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్త రకం 30 వాట్లు. 100 ఫ్యాన్లకు అదే లెక్కన 10,800 యూనిట్లు. మొత్తం 25,200. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది కాబట్టి, ఏడాదికి 17 టన్నుల పైన ఆగిపోతుంది. ఒక్క ఇటుక కదలకుండానే ఇంత పని. సౌర పలకలు పెట్టదలిస్తే పాత మిద్దె మీద బరువు వేయకుండా పక్క బ్లాకు మీద, సైకిల్ షెడ్డు మీద పెట్టవచ్చు.

దీనివల్ల ఇంకొక లాభముంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కొత్త ఆఫీసులకు గదులు వెతుక్కోవలసి వచ్చింది. ఎక్కడెక్కడ సర్దుకున్నారో మనమే చూశాం. బాగుచేసిన పాత కచేరీ ఊరి నడిబొడ్డున, బస్సు దిగి నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. ఊరి బయట ఎంత మంచి భవనం కట్టినా, సంతకం కోసం మనం ఆటోలో పోయిరావాలి. ఆ పెట్రోలు కూడా పర్యావరణం లెక్కలోదే.

మిత్రులారా, ఇందులో మన వంతు ఏమిటన్నది చెప్పి ముగిస్తాను. మన చేతిలో ఇప్పుడు ఫైళ్ళు లేవు. అయితే ఆ భవనం గురించి మనకు తెలిసినంత ఇప్పుడు సీట్లలో కూర్చున్న పిల్లలకు తెలియదు. బావి నోరు ఎక్కడుందో, కాలువ ఏ గోడ కింద నుంచి పోతుందో, ఏ గది వెంటిలేటర్లు ఏ ఏడు మూశారో, ఏ దూలం ఎప్పుడు మార్చారో మన బుర్రల్లో ఉంది. మనతో పాటు అదీ పోతుంది. కాబట్టి నాదొక ప్రతిపాదన. మన సంఘం తరఫున జిల్లా అధికారులకు ఒక వినతిపత్రం ఇద్దాం. పాత కట్టడాలు తెలిసిన ఇంజనీర్లతో పరీక్ష చేయించాలని, కూల్చివేత ఎస్టిమేటు పక్కన మరమ్మతు ఎస్టిమేటు కూడా పెట్టాలని, రెండూ చూసిన తరువాతే నిర్ణయించాలని కోరదాం. దానికి జతగా, ఆ భవనంలో పనిచేసిన సభ్యులందరం కూర్చుని, మనకు గుర్తున్నదంతా గది గదికీ రాసి ఒక పటం తయారు చేద్దాం. జనవరి మొదటి ఆదివారం ఉదయం మా ఇంటి వరండాలో మొదలుపెడదాం. కాఫీ బాధ్యత మా ఇంట్లో వాళ్ళు తీసుకున్నారు. రాలేనివారు చెబితే మేమే వారి ఇంటికి వచ్చి రాసుకుంటాం. అటెండర్లుగా, కాపలాదారులుగా, స్వీపర్లుగా పనిచేసినవారిని, వారి కుటుంబాలవారిని ముందుగా పిలుద్దాం. ఆ భవనాన్ని రోజూ తాకినది వారి చేతులే.

ఆనాడు నా ముందు రెండు ఎస్టిమేట్లుండగా నేను తప్పు ఎస్టిమేటుకు నోటు రాశాను. ఈ వయసులో ఇంకొక నోటు రాసే అవకాశం వచ్చింది. వినతిపత్రం చిత్తు ప్రతి రాసి తెచ్చాను. నా సంతకం ముందే పెట్టాను. సభ అయిన తరువాత కార్యదర్శి గారి బల్ల మీద ఉంటుంది. చదివి, నచ్చితే మీరూ సంతకం చేయండి. తప్పులుంటే దిద్దండి.